ట్రాన్సిషన్ పూర్తయ్యాక వెళ్ళమంటారు, ఎప్పుడు పూర్తవుతుందో చెప్పరు

విదేశంలో ఉద్యోగం వచ్చిందని ట్రాన్స్ మనిషి చెప్పగానే చుట్టూ ఉన్నవాళ్ళ నుంచి రెండే రకాల సలహాలు వస్తాయి. "ముందు ట్రాన్సిషన్ పూర్తి చేసుకో, కాగితాలన్నీ సరిచేసుకో, ఆ తర్వాత ఎక్కడికైనా వెళ్ళు" అనేది ఒకటి. ట్రాన్సిషన్ అంటే హార్మోన్లతో, సర్జరీతో, కాగితాల మార్పుతో తనదని తెలిసిన లింగంలోకి మారడం. "ఇంకేం ఆలోచించకు, వెళ్ళిపో, అక్కడ నువ్వెవరో ఎవరికీ తెలీదు, హాయిగా బతకొచ్చు" అనేది రెండోది. మొదటిది పెద్దవాళ్ళూ డాక్టర్లూ చెప్తారు, రెండోది స్నేహితులు చెప్తారు. అందరూ మన మంచి కోరే చెప్తారు, అందులో సందేహం లేదు.

నేను ట్రాన్స్ మ్యాన్‌ని, అంటే పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాసిన మగవాణ్ణి. మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ మొదలైంది, సర్జరీ ఇంకా కాలేదు, పాస్‌పోర్టులో ఒక పేరు, డిగ్రీ పట్టాలో ఇంకో పేరు. ఆ స్థితిలోనే ఉద్యోగం కోసం దేశం మారాను. రెండు సలహాల్లోనూ ఒకే లోపం ఉందని ఇప్పుడు అనిపిస్తోంది. ఒకటి మన శరీరం వైపు చూస్తుంది, ఇంకొకటి దేశం వైపు చూస్తుంది. ఆ రెంటినీ తన గుప్పిట్లో పెట్టుకున్న ఉద్యోగం వైపు ఏదీ చూడదు.

మొదటి సలహా సంగతి చూద్దాం. ట్రాన్సిషన్ పూర్తవడం అంటే ఏమిటని అడిగితే ఆ సలహా ఇచ్చినవాళ్ళే తడుముకుంటారు. టెస్టోస్టెరాన్ తీసుకునేవాళ్ళలో గొంతు మొదటి ఏడాదిలోనే మారడం మొదలవుతుంది. గడ్డం నిండుగా రావడానికి నాలుగైదేళ్ళు పట్టొచ్చు. ఛాతీ సర్జరీ కొందరికి కావాలి, కొందరికి అక్కర్లేదు. గర్భాశయం తీయించుకోవాలని కొందరు గట్టిగా అనుకుంటారు, కొందరు ఆ ఊసే ఎత్తరు. ఈ రంగంలో డాక్టర్లు ఎక్కువగా అనుసరించే డబ్ల్యూపాత్ అనే అంతర్జాతీయ నిపుణుల సంఘం మార్గదర్శకాల ఎనిమిదో సంచిక 2022లో వచ్చింది. అందరూ ఇదే వరుసలో నడవాలని అందులోనూ లేదు, ఎవరి అవసరాన్ని బట్టి వారికి చికిత్స అనే ఉంది. పైగా హార్మోన్లు చాలామందికి జీవితాంతం ఉంటాయి. మరి పూర్తయ్యేది ఎప్పుడు? ఆఫర్ లెటర్ ఓ నెల ఆగుతుందేమో గానీ గడ్డం వచ్చేదాకా ఆగదు కదా.

కాగితాల విషయం మన చేతిలో అసలే లేదు. జపాన్‌లో 2004 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, పిల్లలు పుట్టే సామర్థ్యం లేకుండా చేసుకుంటేనే రికార్డుల్లో లింగం మార్చేవారు. ఆ షరతు రాజ్యాంగ విరుద్ధమని అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది 2023 అక్టోబరులో. భారతదేశంలో 2019 చట్టం రెండు మెట్లు పెట్టింది. జిల్లా మెజిస్ట్రేట్ ఇచ్చే ట్రాన్స్‌జెండర్ సర్టిఫికెట్ ఒకటి, సర్జరీ తర్వాత పురుషుడనో స్త్రీ అనో సవరించి ఇచ్చేది ఇంకొకటి. హంగరీలో 2020 మే నెలలో ఆ దారే మూసేశారు, పుట్టినప్పుడు రాసిన లింగాన్ని ఇక మార్చే వీల్లేదు. ఇలాంటి చోట్ల "కాగితాలన్నీ సరిచేసుకుని వెళ్ళు" అని చెప్పడమంటే వెళ్ళొద్దని మర్యాదగా చెప్పడమే. అలా ఆగిపోయినవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళ ట్రాన్సిషన్ త్వరగా అవలేదు, ఉద్యోగం మాత్రం వేరేవాళ్ళకి పోయింది.

ఇక రెండో సలహా. కొత్త దేశంలో మన పాత పేరు తెలిసినవాళ్ళు ఉండరన్నది వీధిలో నిజం. అద్దె ఇంటి పక్కవాళ్ళకి తెలీదు, బస్సులో ఎవరికీ తెలీదు. మొదటి వారాల్లో అది ఎంత హాయిగా ఉంటుందో మాటల్లో చెప్పడం కష్టం. కానీ ఆఫీసులో ఆ హాయి ఉండదు. ఉద్యోగం మీద వెళ్ళేవాడి పాత జీవితమంతా ఒక ఫైల్లో అతనికంటే ముందే అక్కడికి చేరుతుంది. నా విషయంలో, చేరకముందే ఒక వెరిఫికేషన్ సంస్థ నా పాత ఆఫీసుకి కొత్త పేరుతో రాసింది. అలాంటి ఉద్యోగి మా దగ్గర ఎప్పుడూ లేరని జవాబొచ్చింది. "మీ అనుభవం వివరాల్లో తేడా ఉంది, 48 గంటల్లో వివరణ ఇవ్వండి" అని నాకు మెయిల్. వివరణ అంటే ఏముంది, ముఖం కూడా తెలియని ఒక మనిషికి నా జీవితం మొత్తం విప్పి చెప్పడమే. ఆ దేశంలో నేను ట్రాన్స్ అని తెలిసిన మొదటి మనిషిని నేను ఎంచుకోలేదు, ఒక సాఫ్ట్‌వేర్ టికెట్ ఎంచుకుంది.

వీసా మెడికల్ గురించి స్నేహితులెవరూ హెచ్చరించరు, ఎందుకంటే వాళ్ళకి అదొక సంతకం మాత్రమే. చాలా దేశాలు ఉద్యోగ వీసాకి ఛాతీ ఎక్స్‌రే అడుగుతాయి, టీబీ కోసం. సర్జరీ కాని ట్రాన్స్ మెన్‌లో చాలామంది రోజూ బైండర్, అంటే ఛాతీ చదునుగా కనిపించేలా బిగించే బనియన్, వేసుకుని తిరుగుతారు. ఎక్స్‌రే గదిలో అది తీసి గౌను కట్టుకోవాలి. పాస్‌పోర్టులో ఎఫ్ అని ఉంటే, గడ్డం మొలుస్తున్న మనిషిని "మీరు గర్భవతా?" అని అడిగి సంతకం చేయించుకుంటారు. అడగడం వాళ్ళ నిబంధన, రేడియేషన్ ఉంది కాబట్టి అడగాలి కూడా. తప్పెవరిదీ కాదు గానీ, ఆ గదిలోంచి బయటికి వచ్చేసరికి "హాయిగా బతకొచ్చు" అన్న మాట గుర్తొచ్చి నవ్వొస్తుంది.

మంచి దేశమా కాదా అని ర్యాంకులు చూసేవాళ్ళు ఉంటారు. నేనూ చూస్తాను. ఇల్గా యూరప్ అనే ఎల్‌జీబీటీ హక్కుల సంస్థ ఏటా ఒక రెయిన్‌బో మ్యాప్ విడుదల చేస్తుంది, చట్టాలూ విధానాలూ ఎలా ఉన్నాయో చూసి యూరప్ దేశాలకి మార్కులు వేస్తుంది. 2015లో బ్రిటన్ అందులో మొదటి స్థానం. 2025లో 22వ స్థానం. 2015లో ఆ ర్యాంకు చూసుకుని వెళ్ళి అక్కడే స్థిరపడినవాళ్ళు ఇల్లు మారలేదు, ఉద్యోగం మారలేదు, వాళ్ళ కాళ్ళ కింద దేశం మారింది. రష్యా 2023 జులైలో చట్టం చేసి, రికార్డుల్లో లింగం మార్చడంతో పాటు ట్రాన్సిషన్‌కి సంబంధించిన వైద్యాన్నీ నిషేధించింది. అమెరికాలో 2025 జనవరి 20న వచ్చిన అధ్యక్షుడి ఆదేశం తర్వాత పాస్‌పోర్టుల్లో స్త్రీ, పురుషుడు అని కాకుండా ఎక్స్ అని ఇవ్వడం ఆపేశారు. అంతర్జాతీయ ప్రమాణాల్లో మాత్రం ఎక్స్‌కి చోటు అలాగే ఉంది. కాబట్టి ర్యాంకు అనేది మనం విమానం దిగిన రోజు వాతావరణం లాంటిది, అంతకంటే ఎక్కువ విలువ ఇవ్వలేం.

నేను వేసుకునే ప్రశ్న వేరు. నా మందు, నా పేరు, నా వీసా. ఈ మూడింటిలో ఎన్ని ఒక్క యజమాని చేతిలో ఉన్నాయి? మూడూ ఒకరి చేతిలోనే ఉంటే, ఎంత ఉదారమైన దేశమైనా నేను అక్కడ బలహీనుణ్ణే. ఒక్కటే ఉంటే, చట్టాలు అంత గొప్పగా లేని చోట కూడా తట్టుకోగలను.

ఇదెందుకు అంత ముఖ్యమో చెప్పడానికి ఒక పేరు చాలు: ఏమీ స్టీఫెన్స్. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో అంత్యక్రియలు నిర్వహించే సంస్థలో పనిచేసేవారు. ఇకనుంచి స్త్రీగా ఆఫీసుకి వస్తానని 2013లో చెప్పినందుకు ఉద్యోగం తీసేశారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ట్రాన్స్ అన్న కారణంతో ఉద్యోగం తీసేయడం లింగ వివక్షే అని 2020 జూన్ 15న బాస్టాక్ కేసు పేరుతో తీర్పు వచ్చింది, ఆమె కేసు కూడా అందులోనే కలిసి ఉంది. ఆ తీర్పు ఆమె వినలేదు. అంతకు నెల ముందు, మే నెలలో చనిపోయారు. సొంత దేశంలో, పౌరసత్వం ఉన్న మనిషికి న్యాయం జరగడానికి పట్టిన కాలం ఏడేళ్ళు.

ఇప్పుడు అదే దేశంలో హెచ్-1బీ వీసా మీద ఉన్న ట్రాన్స్ ఉద్యోగిని ఊహించుకోండి. ఉద్యోగం పోతే 2017 నుంచి ఉన్న నిబంధన ప్రకారం గరిష్ఠంగా 60 రోజులు. ఆలోగా ఇంకో స్పాన్సర్ దొరకాలి, లేదా వీసా రకం మార్చుకోవాలి, లేదా సామాను సర్దుకోవాలి. బ్రిటన్‌లో కూడా స్పాన్సర్‌షిప్ పోతే సాధారణంగా ఇచ్చే గడువు 60 రోజులే. ఏడేళ్ళ న్యాయం, అరవై రోజుల వీసా. చట్టం నీ పక్షానే ఉంది అని నాతో ఎవరైనా అంటే నేను ఈ రెండు సంఖ్యలే పక్కపక్కన పెడతాను. హక్కు ఉన్నంత మాత్రాన సరిపోదు, దాన్ని వాడుకునేంత కాలం ఆ దేశంలో నిలబడగలగాలి. మేనేజర్ పదేపదే పాత పేరుతో పిలుస్తున్నా, మీటింగ్‌లో వెకిలిగా నవ్వుతున్నా, వీసా ఉద్యోగి ఫిర్యాదు రాయడు. రాయడానికి ముందు క్యాలెండర్ చూస్తాడు.

మందు సంగతికి వస్తే, నేను దీని మీద ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే బయటివాళ్ళు దీన్ని అందంగా కనిపించడానికి చేసే ప్రయత్నంలా చూస్తారు. టెస్టోస్టెరాన్ ఆపేస్తే గొంతు వెనక్కి వెళ్ళదు. అండాశయాలు ఉన్నవాళ్ళకి కొన్ని వారాల్లోనో నెలల్లోనో పీరియడ్స్ తిరిగొస్తాయి. మగవాడిగా చేరిన ఆఫీసులో, ఒకే ఒక్క మగవాళ్ళ టాయిలెట్ ఉన్న ఫ్లోర్‌లో అదొక నరకం. అండాశయాలు తీయించుకున్నవాళ్ళకి ఇంకా పెద్ద సమస్య: శరీరంలో ఏ సెక్స్ హార్మోనూ ఉండదు, ఒళ్ళంతా వేడి ఆవిర్లు, కొంతకాలానికి ఎముకల బలం తగ్గడం. వృషణాలు తీయించుకున్న ట్రాన్స్ మహిళలకి ఈస్ట్రోజన్ ఆగినా ఇదే జరుగుతుంది. అంటే దేశం మారేటప్పుడు మందు మధ్యలో తెగడం వైద్యపరమైన సమస్య.

అది తెగడానికి కారణాలు ఎన్నో. టెస్టోస్టెరాన్‌ని అమెరికా 1990 చట్టంతో నియంత్రిత మందుల మూడో షెడ్యూల్లో చేర్చింది. ఒక ప్రిస్క్రిప్షన్ ఆరు నెలలే చెల్లుతుంది, ఆలోగా ఐదుసార్లకి మించి రీఫిల్ ఉండదు. బాడీబిల్డర్లూ క్రీడాకారులూ దాన్ని దుర్వినియోగం చేశారని తెచ్చిన నియమం, ఇప్పుడు నాలాంటివాళ్ళ మెడకి చుట్టుకుంది. జపాన్‌కి వెళ్ళేవాళ్ళు ముందస్తు అనుమతి లేకుండా ప్రిస్క్రిప్షన్ మందులు ఒక నెలకి సరిపడానే తీసుకెళ్ళొచ్చు. ఆస్ట్రేలియాలో ఆ పరిమితి మూడు నెలలు. నీ డాక్టర్ రాసిన చీటీ చాలా దేశాల్లో ఫార్మసీ కౌంటర్ మీద చెల్లదు. యూరోపియన్ యూనియన్ లోపల మాత్రం ఒక దేశపు ప్రిస్క్రిప్షన్‌ని ఇంకో దేశం గుర్తించాలని 2011 నాటి ఆదేశం ఒకటి ఉంది, కాబట్టి యూనియన్‌లోనే దేశం మారేవాళ్ళు కొంచెం నయం.

మందు రకాలే మారిపోతాయన్నది చాలామందికి వెళ్ళాక గానీ తెలీదు. నాలుగు రకాల టెస్టోస్టెరాన్ ఎస్టర్లు కలిపిన సస్టనాన్ అనే ఇంజెక్షన్ ఎన్నో దేశాల్లో దొరుకుతుంది, అమెరికాలో దానికి అనుమతి లేదు. ట్రాన్స్ మహిళల్లో చాలామంది టెస్టోస్టెరాన్‌ని అణచడానికి వాడే సైప్రోటెరాన్‌కీ అక్కడ అనుమతి లేదు, అందుకే అక్కడి డాక్టర్లు స్పైరోనోలాక్టోన్ రాస్తారు. ఆ మందుతో రక్తంలో పొటాషియం చూసుకుంటూ ఉండాలి. యూరప్‌లో సైప్రోటెరాన్ ఉంది గానీ, ఎక్కువ మోతాదులో ఎక్కువకాలం వాడితే మెదడు పొరల్లో గడ్డలు వచ్చే ప్రమాదం ఉందని యూరోపియన్ మందుల సంస్థ 2020లో హెచ్చరించాక డాక్టర్లు దాన్ని జాగ్రత్తగా రాస్తున్నారు. ఇటు నుంచి అటు వెళ్ళే మనిషికి ఇది కేవలం బ్రాండ్ మార్పు కాదు, ఒంటికి కొత్త మందు అలవాటు చేయడం. కొత్త ఉద్యోగంలో, ప్రొబేషన్లో ఉండగా.

నేను వెళ్ళేముందు డాక్టర్‌తో మాట్లాడి చేసుకున్న ఏర్పాటు చెప్తాను. రెండు వారాలకోసారి వేసుకునే ఇంజెక్షన్ నుంచి టెస్టోస్టెరాన్ అన్‌డెకనోయేట్‌కి మారాను. అది మోతాదు కుదురుకున్నాక 10 నుంచి 14 వారాలకోసారి వేసే ఇంజెక్షన్. కొత్త చోట డాక్టర్ దొరకడానికి రెండు మూడు నెలలు పట్టినా ఒంట్లో మందు ఉంటుంది. అందరికీ ఇది పడదు, మొదట్లో మోతాదుల మధ్య వ్యవధి తక్కువ ఉంటుంది కాబట్టి ప్రయాణానికి చాలా ముందే మొదలుపెట్టాలి, డాక్టర్ ఒప్పుకోవాలి. కానీ అడగొచ్చన్న సంగతే చాలామందికి తెలీదు.

ఇంకో చిన్న విషయం, చిన్నదే గానీ ఎందరినో హడలగొట్టింది. కొత్త దేశంలో రక్తపరీక్ష చేయించుకుంటే నా టెస్టోస్టెరాన్ 17 అని వచ్చింది. అంతకు ముందు ఎప్పుడూ 500 దరిదాపుల్లో ఉండేది. మందు పనిచేయడం లేదేమోనని టెన్షన్ పడిపోతారు ఎవరైనా. నిజానికి రెండూ ఒకటే. డెసీలీటర్‌కి 500 నానోగ్రాములు అంటే లీటరుకి సుమారు 17 నానోమోల్స్. ట్రాన్స్ మహిళలు వాడే ఈస్ట్రోజన్ రకం ఈస్ట్రడయోల్‌కి కూడా ఇంతే, మిల్లీలీటర్‌కి 100 పికోగ్రాములన్నది ఇంకో చోట లీటరుకి 367 పికోమోల్స్ అవుతుంది. మీ పాత రిపోర్టు మీద యూనిట్లు స్పష్టంగా కనిపించేలా కాపీలు దగ్గర పెట్టుకోండి. కొత్త డాక్టర్ కూడా మనిషే, తొందరలో సంఖ్య చూసి మోతాదు మార్చేస్తే ఇబ్బంది మనకి. హిమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, దానితో కూడా ఇదే తంటా: టెస్టోస్టెరాన్ వల్ల అది పెరుగుతుంది, ల్యాబ్ కంప్యూటర్లో స్త్రీ అని ఉంటే స్త్రీల పరిమితితో పోల్చి ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక ఇస్తుంది. పురుషుల పరిమితి ప్రకారం అది మామూలే కావచ్చు.

ఇప్పుడు నా ప్రశ్నని ఈ మందు మీద పెట్టి చూడండి. అమెరికాలో ఇన్‌ఫార్మ్డ్ కన్సెంట్ పద్ధతిలో నడిచే క్లినిక్‌లు ఉన్నాయి, పెద్దవాళ్ళకి లాభనష్టాలు వివరించి హార్మోన్లు త్వరగానే రాస్తాయి. కానీ ఇన్సూరెన్స్ ఎక్కువగా యజమాని ద్వారా వస్తుంది. ఉద్యోగం పోతే కోబ్రా అనే చట్టం కింద ఆ పాలసీని 18 నెలల దాకా కొనసాగించుకోవచ్చు, ప్రీమియం మొత్తం సొంతంగా కట్టుకుని. జీతం లేని మనిషి, 60 రోజుల్లో దేశం వదలాల్సిన మనిషి ఆ 18 నెలలతో ఏం చేసుకుంటాడు? బ్రిటన్‌లో వైద్యం యజమాని చేతిలో లేదు, ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ అందరిదీ. కానీ జెండర్ క్లినిక్‌లో మొదటి అపాయింట్‌మెంట్ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. జర్మనీలో ప్రభుత్వ పద్ధతి ఆరోగ్య బీమా సంస్థని మనమే ఎంచుకుంటాం, ఉద్యోగం మారినా అదే కార్డు. ఈ మూడింటిలో ఏది మంచి దేశం అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. హార్మోన్లు ఇంకా మొదలుపెట్టని మనిషికి ఒకటి, మోతాదు కుదురుకున్న మనిషికి ఇంకొకటి.

పేరు విషయంలో జర్మనీ ఒక మంచి పని చేసింది. 2024 నవంబర్ 1న అమల్లోకి వచ్చిన స్వయం నిర్ణయ చట్టంతో డాక్టర్ సర్టిఫికెట్, కోర్టు ఏమీ లేకుండా పేరూ లింగమూ మార్చుకోవచ్చు. శాశ్వత నివాసం ఉన్న విదేశీయులకీ, పొడిగించుకునే వీలున్న పర్మిట్ ఉన్నవాళ్ళకీ, బ్లూ కార్డు అనే ఉద్యోగ పర్మిట్ మీద పనిచేసేవాళ్ళకీ ఆ హక్కు ఇచ్చింది. చాలా చోట్ల ఇలాంటి చట్టాలు పౌరులతోనే ఆగిపోతాయి. అయితే సొంత దేశపు పాస్‌పోర్టు దానంతటది మారదు. ఆఫీసు కార్డు మీద ఒకరు, విమానాశ్రయంలో ఇంకొకరు. జీతం పడే బ్యాంకు ఖాతా ఏ పేరు మీద ఉండాలో కంపెనీ పేరోల్ వాళ్ళకి అర్థం కాదు, బ్యాంకుకి అంతకన్నా అర్థం కాదు. యూరోపియన్ యూనియన్ కోర్టు ఈ దిశలో కొంత సాయం చేసింది. ఒక సభ్యదేశంలో చట్టప్రకారం మారిన లింగాన్ని ఇంకో సభ్యదేశం గుర్తించాల్సిందేనని 2024 అక్టోబరులో, ప్రభుత్వ రిజిస్టర్లో లింగం తప్పుగా ఉంటే డేటా రక్షణ చట్టం కింద సరిచేయాలి, దానికి సర్జరీ రుజువు అడగకూడదని 2025 మార్చిలో చెప్పింది. ఆ రెండో కేసు వేసింది హంగరీలో ఆశ్రయం పొందిన ఒక ఇరాన్ శరణార్థి. పౌరుడు కాకపోయినా గెలిచాడు.

ఇంత రాశాక "ఇదంతా నీ సొంత విషయం, కంపెనీకేం సంబంధం?" అని అడిగేవాళ్ళు ఉంటారు. అసలు గొడవంతా అక్కడే ఉంది. మనిషిని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి తరలించే కంపెనీ అతని సోఫాకి ఇన్సూరెన్స్ చేయిస్తుంది, పిల్లల బడి వెతికిపెడుతుంది, కుక్కకి టీకా సర్టిఫికెట్ కావాలంటే ఏజెంటుని పెడుతుంది. మందు ఆగకుండా చూడటం దానికంటే తేలికైన పని. జీవితాంతం ఇన్సులిన్ తీసుకునే ఉద్యోగి ఉంటే ఆ దేశంలో దొరుకుతుందా, పాలసీలో ఉందా అని ముందే కనుక్కుంటారు కదా. అంతకు మించి మాకేమీ వద్దు. ప్రత్యేకమైన పండగలూ వద్దు, ప్రైడ్ నెల అని జూన్‌లో లోగోకి రంగులు వేయకపోయినా ఎవరూ ఏడవరు.

కొన్ని చోట్ల చట్టం ఇప్పటికే ఆ దారి చూపించింది. బ్రిటన్ 2010 సమానత్వ చట్టంలో, ట్రాన్సిషన్ కోసం సెలవు పెట్టిన ఉద్యోగిని జబ్బు చేసి సెలవు పెట్టిన ఉద్యోగికంటే తక్కువగా చూడకూడదని ప్రత్యేకంగా ఉంది. ట్రాన్సిషన్ చేయించుకోబోతున్నా, చేయించుకుంటూ ఉన్నా, అయిపోయినా ఆ చట్టం వర్తిస్తుంది. "పూర్తయ్యాక" అన్న షరతు చట్టమే పెట్టనప్పుడు సలహాలిచ్చేవాళ్ళు ఎందుకు పెడతారో నాకు అర్థం కాదు.

కంపెనీల వైపు నుంచి నాకు నిజంగా కోపం తెప్పించేది ఇంకొకటుంది. ఫలానా దేశంలో ఏడాది ప్రాజెక్టు అంటారు, వెళ్ళినవాళ్ళకే ప్రమోషన్. కువైట్‌లో 2007లో చేర్చిన ఒక సెక్షన్ కింద "అవతలి లింగాన్ని అనుకరించడం" నేరంగా ఉండేది. ఆ సెక్షన్‌ని 2022 ఫిబ్రవరిలో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసేదాకా ట్రాన్స్ మహిళల్ని దాని కింద అరెస్టు చేశారు. అలాంటి చట్టాలున్న దేశాలు ఇంకా ఉన్నాయి. అక్కడికి వెళ్ళలేనని చెప్పాలంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెప్తే ఆఫీసంతా తెలిసిపోతుంది. చెప్పకపోతే "ఇతనికి ఆసక్తి లేదు" అని అప్రైజల్‌లో రాస్తారు. కారణం అడగకుండా పోస్టింగ్ వద్దనే హక్కు ప్రతి ఉద్యోగికీ ఉంటే ఈ సమస్య సగం తీరుతుంది. ఇలాంటి నియమం ట్రాన్స్ వాళ్ళ కోసమే పెట్టక్కర్లేదు. ముసలి తల్లిదండ్రులున్నవాళ్ళకీ, ఏ కారణమో చెప్పుకోలేని ఇంకెందరికో పనికొస్తుంది.

ఆఫర్ దశలోనే అడిగితే ఉద్యోగమే పోతుందేమో అన్న భయం ఉంది. అది లేనిపోని భయం అని నేననను. అందుకే నేను చెప్పేది ఏమిటంటే, మనం ట్రాన్స్ అని చెప్పకుండానే అడగగలిగే ప్రశ్నలు ముందు అడగాలి. ఇన్సూరెన్స్ పాలసీ పూర్తి పాఠం ఇవ్వమనడం ఎవరైనా అడిగేదే. అందులో దేనికి కవరేజీ లేదో రాసిన పేజీలు చదవాలి, మనకి కావాల్సింది అక్కడ ఉంటుంది. వెరిఫికేషన్ చేసే సంస్థ ఎవరు, పేరు మారినవాళ్ళ విషయంలో వాళ్ళ పద్ధతేమిటి అని అడగొచ్చు. పెళ్ళయ్యాక పేరు మారిన స్త్రీలు ఉన్నారు, విడాకులయ్యాక మార్చుకున్నవాళ్ళు ఉన్నారు, కాబట్టి ఈ ప్రశ్న వింతగా ఉండదు. స్పాన్సర్‌షిప్ పోతే ఎంత గడువిస్తారో ఆ దేశపు ఇమ్మిగ్రేషన్ నిబంధనల్లో మనమే చదువుకోవచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు. యూరప్‌లో అయితే ఆరోగ్య సమాచారానికి డేటా రక్షణ చట్టం ప్రత్యేక రక్షణ ఇచ్చింది, మన సమాచారాన్ని ఎవరెవరికి ఇచ్చారో అడిగే హక్కు వీలైనంత త్వరగా వాడుకోవడం మంచిది. వెరిఫికేషన్ గొడవ తర్వాత నేను హెచ్‌ఆర్‌లో ఒకే మనిషి నా పాత పేరున్న కాగితాలు చూడాలని రాయించుకున్నాను. రాయించుకోవడం అంటే మెయిల్లోనే, పెద్ద ఒప్పందమేమీ కాదు. ఆ మెయిల్ తర్వాత రెండుసార్లు అక్కరకొచ్చింది.

సర్జరీ ఎప్పుడు అన్నది ఒక్కటే నేను తొందరపడొద్దని చెప్పే విషయం. ప్రొబేషన్లో చేయించుకోవద్దని ఎవరికీ చెప్పను, కొందరికి ఆ నెలలు ఆగడమే కష్టం. కానీ నియమాలు తెలుసుకోవాలి. జర్మనీలో జబ్బు సెలవుకి యజమాని జీతం ఇవ్వాలంటే ఉద్యోగంలో నాలుగు వారాలు నిండాలి, ఉద్యోగం నుంచి అన్యాయంగా తీసేయకుండా రక్షించే సాధారణ చట్టం ఆరు నెలల తర్వాత గానీ వర్తించదు. ఛాతీ సర్జరీ తర్వాత కొన్ని వారాలు బరువులు ఎత్తకూడదు, చేతులు పైకెత్తకూడదు. పరాయి దేశంలో, వంట చేసిపెట్టే మనిషి లేకుండా, డ్రెయిన్ గొట్టాలతో ఒక్కడివే ఉండటం ఎలా ఉంటుందో ముందే ఊహించుకుని ఎవరో ఒకరిని పిలిపించుకోవాలి. వాళ్ళ విజిటర్ వీసాకి పట్టే సమయాన్ని కూడా సర్జరీ తేదీలో కలుపుకోవాలి. నేను కలుపుకున్నాను, అయినా అంచనాకి మించి ఆలస్యమైంది.

ఈ మధ్య ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. ఎనిమిది నెలలుగా టెస్టోస్టెరాన్ మీద ఉన్నాడు, చేతిలో ఆఫర్ ఉంది. "అన్నా, ఆగమంటావా, వెళ్ళమంటావా?" అన్నాడు. ఆ దేశం ఎలా ఉంటుందని అడగబోతే ఆపాను. "ఆ పాలసీ కాగితం తెప్పించావా తమ్ముడూ?" అన్నాను. తెప్పించలేదు. తెప్పించాక హార్మోన్లకి కవరేజీ ఉందని తేలింది, సర్జరీకి లేదు. పేరు మారినవాళ్ళ వెరిఫికేషన్‌కి వాళ్ళ దగ్గర వేరే ఫారం ఉందట, అది నింపి పంపాడు. వీసా మాత్రం పూర్తిగా ఆ కంపెనీ మీదే ఆధారపడింది, దానికి చేసేదేమీ లేదు. మూడింటిలో ఒకటి వాళ్ళ చేతిలో, ఒకటి సగం సగం, ఒకటి తన దగ్గర. వెళ్తానన్నాడు. జాయినింగ్ తేదీ మూడు వారాలు వెనక్కి జరపమని అడిగాడు, తర్వాతి ఇంజెక్షన్ ఇక్కడే వేయించుకుని వెళ్ళడానికి. ఒప్పుకున్నారు, కారణం కూడా అడగలేదట.